మావయ్య ఒకరోజు వేలాడదీసిన వార్త

మా మావయ్య జీవితంలో ఎన్నికలు, తుపాన్లు, క్రికెట్ ఫైనళ్ళు అన్నీ ఒకరోజు ఆలస్యంగానే జరిగాయి. అందులో ఆయన తప్పేమీ లేదు. జంషెడ్‌పూర్‌కి తెలుగు పేపరు విశాఖ వైపు నుంచి రైల్లో వచ్చేది. రాత్రంతా ఎవరి మూటల కిందో నలిగి, స్టేషన్లో దిగి, సైకిలెక్కి, మర్నాడు మధ్యాహ్నానికి అగ్రికో మార్కెట్లోని టీకొట్టుకి చేరేది. అప్పటికి లోకమంతా ఆ వార్తని తిని, అరిగించుకుని, మర్చిపోయి ఉండేది. మాకు మాత్రం అప్పుడే ఆకు వేసేవారు.

మావయ్య అంటే మా ఆవిడ తండ్రి. ఉక్కు కార్ఖానాలో క్రేన్ నడిపి రిటైరై, గోవింద్‌పూర్‌లో మా ఇంట్లోనే ఉంటున్నాడు. నేను ట్రక్కుల కార్ఖానా స్టోర్స్‌లో పనిచేస్తాను. ఇంట్లో స్టోర్స్ మొత్తం మా ఆవిడ అధీనంలో ఉంటుంది కాబట్టి, అక్కడ నాకు అప్రెంటిస్ హోదా కూడా లేదు.

అగ్రికో టీకొట్టు పక్కన ఒక సిమెంటు అరుగుంది. సాయంత్రమయ్యేసరికి సిక్కోలు, విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్ళో జుట్టు నెరిసిన మగవాళ్ళందరూ అక్కడ చేరతారు. అరుగు ఎదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ. అది మావయ్యది. ఆ కుర్చీలో కూర్చుని ఆయన పేపరు పైకి చదివేవాడు. కొనేది ఒకటే కాపీ కాబట్టి ఒకరు చదవాలి, మిగతావాళ్ళు వినాలి. కానీ అసలు కారణం ఆయన గొంతు. కొలిమి హోరులో, క్రేన్ మీద నుంచి కిందవాణ్ణి పిలిచిన గొంతది. ఆయన చావుకబుర్లు చదువుతుంటే పోయినవాళ్ళు కూడా ఒకసారి లేచి, తమ పేరు సరిగ్గా పలికాడో లేదో చూసుకుని మళ్ళీ పడుకునేవారని నా నమ్మకం.

ఆయనకో పద్ధతుంది. క్రేన్‌తో బరువు ఎత్తేటప్పుడు నేల మీద నుంచి బెత్తెడు లేపి ఆపాలట. గొలుసు ఏడుస్తోందా, బరువు ఊగుతోందా, బ్రేకు పట్టిందా చూడాలి. ఊగడం ఆగాకే పక్కకి తిప్పాలి. ఉద్యోగం మానేసినా ఈ పద్ధతి మానలేదు. వంకాయ కొన్నా చేత్తో ఎత్తి, ఆపి, చూస్తాడు. నా పెళ్ళిసంబంధాన్ని కూడా అలాగే బెత్తెడు లేపి, నెలల తరబడి గాల్లో వేలాడదీశాడు. మా వాళ్ళు ముహూర్తాల గురించి కబురు పంపినప్పుడల్లా, "ఇంకా ఊగుతన్నాడు, ఆగనీయండి" అని జవాబు పంపాడట. నేను ఊగడం ఎప్పుడు ఆపానో నాకు తెలీదు గానీ పెళ్ళయింది.

ఇలా ఉండగా పేపరు రావడం ఆగిపోయింది. ఇంత తక్కువ కాపీల కోసం మూట దింపుకోవడం కుదరదన్నాడు ఏజెంటు. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. పేపరు పోయింది, కుర్చీ మిగిలింది. ఖాళీ కుర్చీ ప్రపంచంలో ఎక్కడా ఎక్కువసేపు ఖాళీగా ఉండదు కదా. మా అరుగు మీద సరిగ్గా ఒక్క టీ తాగేంత సేపుంది.

అందులో వచ్చి కూర్చున్నది మాంగో పెద్దాయన. ఈయన కూడా కార్ఖానాలో, హాజరు రాసే టైమ్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. రోజూ సువర్ణరేఖ నది అవతలున్న మాంగో పేట నుంచి వంతెన దాటి ఆటోలో వస్తాడు. ఆయన చేతిలో ఒక ఫోనుంటుంది. దాన్ని ఫోననడం నా మర్యాద. దాని మీద అప్పడాలు ఆరబెట్టొచ్చు. అందులోకి చుట్టాలు, చుట్టాల చుట్టాలు, ముక్కూమొహం తెలీనివాళ్ళు పంపే మెసేజీలు క్షణానికొకటి దిగుతుంటాయి. ఆయన వాటినే వార్తలుగా చదవడం మొదలుపెట్టాడు.

"బావా, నీ పేపరు రాలేదేటి ఇంకా?" అని మొదటిరోజే కుర్చీలోంచి మావయ్యని పలకరించాడు. "రైలు దారి మర్చిపోనాదేటి? ఇదిగో సూడు, నా సేతిలో పేపరు. ఇది నిమిషానికోసారి అచ్చవుతాది!"

మావయ్య లేచాడు. టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చేశాడు. ఆ టీ వదలడం ఉందే, ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఆ తర్వాత అరుగు వైపు వెళ్ళలేదు. వంటింట్లో అలమరల్లో పరిచిన పాత పేపర్లు చదవడం మొదలుపెట్టాడు. డబ్బాలన్నీ నేల మీదికి దింపి, అలమర లోపలికి తల దూర్చి, కొలిమిలో మాట్లాడే గొంతుతోనే చదివేవాడు. "మిగతా ఏడో పేజీలో" అని ఉంటే, ఆ ఏడో పేజీ పప్పుల డబ్బా కిందుందో మంచం పరుపు కిందుందో అని ఇల్లంతా తవ్వేవాడు. ఒకరోజు మా ఆవిడ పోపు వేస్తుంటే, ఏనాడో దిగిపోయిన ప్రభుత్వం గురించి ఆమె చెవిలో గట్టిగా ప్రకటించాడు. పోపు మాడింది.

ఆ సాయంత్రం నేను డ్యూటీ దిగి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏటండీ, మా నాన అన్నం సరిగా తిన్లేదు. అరుగుకి ఎల్లమంటే కుర్చీ లేదంతన్నాడు. పొద్దున్న లేచింది మొదలు మీరు ఆ ఫోను రుద్దుతారు గదా. రుద్ది రుద్ది అరగదీసినారు. అందులోంచి మా నానకి ఒక్క పేపరు తియ్యలేరేటి?"

ఒక మగవాడి జీవితంలో ఇలాంటి ఘడియ ఒకటొస్తుంది. పూర్వకాలంలో అయితే గుర్రమెక్కేవారు. నేను సోఫా ఎక్కి ఫోను తీశాను.

ముందు ఫోనులో దానంతటదే వచ్చే వార్తల పేజీ తెరిచాను. బంగారం ధర. ఒక నటి కొన్న ఇల్లు. మీ అరచేతిలో ఈ గీత ఉంటే ఏమవుతుందో. మధ్యలో ఒక గేదె బొమ్మ వచ్చింది. చాలా నిండైన గేదె. మర్యాద కొద్దీ ఒక్క క్షణం ఆగి చూశాను. అంతే. మర్నాటి నుంచి నా ఫోను నన్ను పాడి వ్యాపారిగా గుర్తించి గౌరవించడం మొదలుపెట్టింది. గేదెల సంతలు, గేదెల దాణా, గేదెల బీమా. పొద్దున్నే ఫోను తెరిస్తే కొమ్ములు తగిలేవి.

మా అమ్మాయి ఓరగా చూసి, తన అలవాటు ప్రకారం హిందీలోనే తీర్పు చెప్పింది. "పప్పా, ఆప్ జిస్ పే రుకోగే, ఫోన్ వహీ దిఖాయేగా."

మనం దేని దగ్గర ఆగితే ఫోను దాన్నే చూపిస్తుందట. అంటే వడ్డించేవాడు మన మొహం చూసి వడ్డిస్తున్నాడు. ఒక ముద్ద గేదె తిన్నామని విస్తరి నిండా గేదే పెడుతున్నాడు. ఇలాంటి విస్తరి ముందు మావయ్యని కూర్చోబెట్టడం జరిగే పని కాదు.

అప్పుడు దొరికింది నాకు నిధి. శ్రీకాకుళం వైపు ఒక రిటైర్డ్ బడిపంతులు రాసుకునే బ్లాగు చదువుతున్నాను. వానలు, జీడితోటలు, వీధిలోని కుక్కల స్వభావాలు, ఇవి ఆయన విషయాలు. పేజీ అడుగున ఒక నారింజ రంగు బొమ్మ కనిపించింది. ఒక చుక్క, దాని మీద రెండు వంపు గీతలు. బొట్టుకి రెండు కనుబొమలు మొలిచినట్టుంది. నొక్కాను. తెర మీద బాణాలు, గీతలు, అర్థంకాని రాతలు విరుచుకుపడ్డాయి. శ్రీకాకుళం జిల్లా ఇంటర్నెట్ మొత్తం నా బొటనవేలి కింద కూలిపోయిందనుకుని ఫోను దిండు కింద పెట్టి కాసేపు కూర్చున్నాను.

తర్వాత ధైర్యం తెచ్చుకుని వెతికితే తెలిసింది. దాన్ని ఫీడ్ అంటారు. ఆ చిరునామా తీసుకెళ్ళి ఫీడ్లు చదివే యాప్‌లో పెడితే చాలు, అక్కడ పంతులుగారు ఏం రాసినా ఇక్కడికి దానంతటదే వస్తుంది. రాసిన వరసలో వస్తుంది. ఎవరు రాశారో, ఏ రోజు రాశారో నెత్తిన పెట్టుకుని వస్తుంది. మధ్యలో నా మొహం చూసి వడ్డించేవాడు ఎవడూ ఉండడు. అంటే ఏమిటి? అది పేపరు! సైకిలెక్కకుండా, మూటల కింద నలక్కుండా, నేను పిలిచినవాళ్ళు మాత్రమే వచ్చే పేపరు! నేను సోఫా మీద నిలబడి వేసిన కేకకి గోవింద్‌పూర్‌లో లోడెత్తుకుని నిలబడ్డ లారీలు కొన్ని కదిలాయి.

తర్వాత నాకు పిచ్చి పట్టిందని మా ఆవిడ అంటుంది. నేను దాన్ని దీక్ష అంటాను. కనిపించిన ప్రతి ఫీడూ తెచ్చి యాప్‌లో పడేశాను. జిల్లా వార్తలు, వంటలు, రైళ్ళ పిచ్చివాళ్ళ బ్లాగులు, వాతావరణం, వాస్తు, కోళ్ళ పెంపకం, టమోటాకి వచ్చే తెగుళ్ళు. చదవాల్సినవి వేలకి వేలు పేరుకున్నాయి. స్టోర్స్‌లో సరుకు దింపుకునేవాడు గేటు తెరిచి నిద్రపోతే ఎలా ఉంటుందో అలా తయారైంది నా ఫోను. కానీ గర్వంగా తీసుకెళ్ళి మావయ్య చేతిలో పెట్టాను.

ఆయన ఫోనుని రెండు చేతులతో, పేపరు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. బొటనవేలు నాలిక మీద తడిపి, తెర మీద పేజీ తిప్పాడు. తడికి ఫోను బెదిరిపోయి వంకాయల వంటకం నుంచి ఎకాఎకిన ఎవరిదో అంత్యక్రియల్లోకి దూకింది.

"ఏటల్లుడూ, ఇందులో ఇంతమంది ఉన్నారు? ఈళ్ళందర్నీ ఎవుడు పిలిసేడు?"

"నేనే మావయ్యా. అన్నీ ఉంటే మంచిదని."

"నీ స్టోర్సులో అన్నీ పెడతావేటి? పనికొచ్చినవే పెడతావు గదా. రమ్మను ఒక్కొక్కణ్ణి. సూద్దారి."

అలా మా ఇంటి వరండాలో భర్తీ మొదలైంది. మావయ్య మంచం మీద, నేను కింద. ఒక్కో ఫీడూ తెరిచి చూపించడం నా పని. ఆయన అడిగేవి ఎప్పుడూ మూడు ప్రశ్నలే: ఎవుడు రాసేడు, ఏ ఊర్నుంచి రాసేడు, ఏ దినాన రాసేడు. జవాబు లేనివాడు గేటు బయటికే. జాతకాలవాడు మొదట్లోనే పోయాడు. వాస్తువాడు పోతూపోతూ మా ఇంటి మెట్లని శపించినట్టు నాకనిపించింది. "ఈ గ్రామంలో ఏం జరిగిందో తెలిస్తే షాకవుతారు" అన్న శీర్షిక ముందు మాత్రం మావయ్య చాలాసేపు ఆగాడు.

"ఏటి జరిగినాదో సెప్పడేటి ఈడు?"

"నొక్కితే లోపల చెప్తాడు మావయ్యా."

"హెడ్డింగులో సెప్పకుండా లోనికి రమ్మంతన్నాడంతే ఆడు వార్తలోడు కాదు, సంతలోడు. తీసీ."

తీసేశాను. రోజూ సాయంత్రం అలా కోతలు కోయగా, చివరికి గుప్పెడు మిగిలాయి. జిల్లా వార్తలు, ఆ బడిపంతులు, రైళ్ళ బ్లాగు ఒకటి, సిక్కోలు వంటలు రాసే ఒక ఇల్లాలు, జంషెడ్‌పూర్ సంగతులు రాసే రెండు హిందీ సైట్లు. వాటిని ఆయన చెప్పిన వరసలోనే పేర్చాను. ముందు చావుకబుర్లు, తర్వాత మన జిల్లా, తర్వాత ఈ ఊరు, ఆ తర్వాత వాన, వంట. రాజకీయాలు అన్నిటికన్నా అడుగున, ఎవరికైనా ఇంకా ఓపికుంటే.

యాప్‌లో ప్రతి వార్త పక్కనా ఒక నక్షత్రం గుర్తుంటుంది. దాన్ని నొక్కితే ఆ వార్త తర్వాత చదువుకోవడానికి పక్కకి వెళ్తుంది. అది చూపించగానే మావయ్య కళ్ళు వెలిగాయి. క్రేన్ కొక్కేన్ని చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ చూసినవాడి కళ్ళవి. "ఇదిగో! ఇందులో తగిలించి ఒకరోజు ఒగ్గేద్దాం."

"మావయ్యా, ఇవి వేడివేడిగా వచ్చాయి. ఇప్పుడే చదవొచ్చు."

"సదవొచ్చు. నువ్వూ నేనూ ఇంట్లో సదవొచ్చు. అరుగు మీద సదవకూడదు. అరుగు మీద సదివితే ఊరు నమ్ముతాది. ఒకరోజు ఏలాడనీ. ఊగకుండా నిలబడితే రేపు సెప్దాం."

నేను తల బాదుకున్నాను. మెరుపువేగంతో వార్త తెచ్చే యంత్రాన్ని ఈయన మళ్ళీ రైల్లో, మూటల కింద పెట్టేశాడు!

మర్నాడు స్కూటర్ మీద ఆయన్ని అగ్రికో తీసుకెళ్ళాను. పట్టాభిషేకానికి వెళ్తున్నట్టు ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కుర్చీలో మాంగో పెద్దాయన ఉన్నాడు. మావయ్య అరుగు మీద, ఒక మూల కూర్చున్నాడు.

"ఏటి బావా, నువ్వూ ఫోనెట్టేవు?" అన్నాడు పెద్దాయన. "బాగుంది. మరి నీ ఫోను ఏటంతంది?"

మావయ్య మొదలుపెట్టాడు. చావుకబుర్లు అందరూ శ్రద్ధగా విన్నారు. బడిపంతులు వాన గురించి రాసింది చదువుతుంటే అరుగు మీద తడివాసన వచ్చింది. ఇల్లాలి బ్లాగులోంచి పనసపొట్టు కూర చదివినప్పుడైతే, వెల్డింగ్ కాంట్రాక్టరు ఒకాయన కండువాతో కళ్ళొత్తుకున్నాడు. కానీ ప్రతిదీ నిన్నటిదే అని తెలిశాక పెద్దాయన పకపకా నవ్వాడు.

"నిన్నటి వార్తా! ఓర్నాయనో! బావ ఫోను కూడా రైల్లోనే వత్తాందిరా! బాసీ ఖబర్, సద్ది వార్త!"

అరుగంతా నవ్వింది. ఆ తర్వాత రోజూ అదే వరస. పెద్దాయన కుర్చీలోంచి ఇవాళ్టి సంచలనాలు, మావయ్య మూల నుంచి నిన్నటి సంగతులు. వినేవాళ్ళు మెల్లగా మూల నుంచి కుర్చీ వైపు జరిగిపోయారు. చివరికి మావయ్య పక్కన మిగిలింది కాంట్రాక్టరు ఒక్కడే. అతను కూడా వంటల కోసం.

అలాంటి ఒక సాయంత్రం, పెద్దాయన వస్తూనే టీకొట్టు బల్ల మీద చెయ్యి వేసి కొట్టాడు. "వినండి, వినండి! ఎల్లుండి నుంచి మాంగో వంతెన బందు! నెలల కొద్దీ బందు! పగులొచ్చినాదంట. ఫోటో కూడా ఉంది, సూడండి!"

అప్పడాల బల్లలాంటి ఆ ఫోను చేతులు మారింది. ఫోటోలో నిజంగానే ఒక వంతెన, దాని మీద పెద్ద పగులు. అరుగు మీద సగంమంది ఇళ్ళు, పిల్లల ఇళ్ళు వంతెనకి అవతలే. గోల మొదలైంది. కాంట్రాక్టరు పనివాళ్ళంతా మాంగో నుంచే వస్తారు. అతను మావయ్య వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు మావా. నీ దాన్లో ఏటుంది? బందేనా?"

అందరూ మావయ్య వైపు చూశారు. చాలా రోజుల తర్వాత అరుగు మొత్తం ఆయన మూల వైపు తిరిగింది. అదే వార్త మధ్యాహ్నం మా ఫీడ్లలోని ఒక హిందీ సైట్లో కూడా వచ్చింది, నేను చూశాను. ఆ ఒక్క ముక్క చదివేస్తే చాలు, ఆయన పెద్దాయనకి సమానం. నేను మోచేత్తో పొడిచాను. మావయ్య ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"రేపు సెప్తాను."

అరుగు పేలిపోయింది. నవ్వులకి టీకొట్టు రేకులు లేచి పడ్డాయి. "రేపా! రేపటికి మేం నదిలో ఈదుతుంటాం మావా!" అన్నాడు కాంట్రాక్టరు, ఈసారి కొంచెం కోపంగా. పెద్దాయన కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలాడు. ఆ వాలడంతో కుర్చీ శాశ్వతంగా ఆయన పేర రాసేసినట్టయింది.

తిరుగుదారిలో నేను స్కూటర్ మీదే వాదనకి దిగాను. "మన దాంట్లో కూడా వచ్చింది కదా మావయ్యా! ఎందుకు చదవలేదు?"

"ఎవుడు సెప్పేడని రాసేడు ఆడు?"

ఆలోచించాను. "సోషల్ మీడియాలో వచ్చిందని రాశాడు."

"సోషల్ మీడియా ఏ డిపార్టుమెంటు? దానికి ఫోర్‌మేన్ ఎవుడు?" నేను స్కూటర్ గేరు మార్చాను. "బరువు ఊగుతంది అల్లుడూ. దాని కింద అంతమంది నిలబడి ఉంతే ఎలగ తిప్పుతాను?"

ఇంటికొచ్చాక ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకి నా విస్తరి కూడా చల్లారింది. మొహం మీద ఎంత ధీమా ఉన్నా, ఆ కుర్చీ పోయిందని ఆయనకీ తెలుసు.

పొద్దున్న ఫీడ్లు తెరిచాను. రెండో హిందీ సైట్లో పైనే ఉంది. వంతెన మూయడం లేదని అధికారులు చెప్పారట. రెయిలింగుకి రంగు వేస్తారు, పగటిపూట ఒక పక్క కాస్త నెమ్మదిగా వెళ్ళాలి, అంతే. తిరుగుతున్న ఫోటో వేరే రాష్ట్రంలోని వంతెనదని, ఎప్పటిదో అని కూడా రాశారు. మొదటి సైటు నిన్నటి వార్తని చడీచప్పుడు లేకుండా దించేసి, దాని స్థానంలో సవరణ పెట్టింది. నేను వరండాలోకి లగెత్తాను.

"మావయ్యా! గెలిచాం! ఇదిగో చదవండి!"

ఆయన చదివాడు. మొహంలో వెలుగు వచ్చింది, వచ్చి ఆగింది. బొటనవేలు నక్షత్రం వైపు వెళ్ళింది.

"వద్దు!" అని అరిచాను. "దీన్ని కూడా రేపటికి తగిలిస్తారా? రేపటికి అరుగు మీద మనిషుండడు!"

మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. "నానా, ఇంక ఊగింది సాలు. దించీ!"

ఆయన బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు. "పేపరు రైల్లో వచ్చేది గాబట్టి రోజు పట్టేది. రోజు కాదు లెక్క. ఊగడం ఆగిందా నేదా, అదీ లెక్క. స్కూటర్ తియ్, సూసి వద్దాం."

ఆదివారం కాబట్టి నాకు డ్యూటీ లేదు. స్కూటర్ వంతెన వైపు పరిగెత్తింది. వెళ్ళి చూద్దుం కదా, వంతెన కనిపించడం లేదు! ఆటోలు, బస్సులు, రిక్షాలు, నెత్తిన మూటలు, చంకలో కోళ్ళు. మూసేస్తారేమోనన్న భయంతో ఒకేసారి దాటేవాళ్ళతో వంతెన నిజంగానే మూసుకుపోయింది. సువర్ణరేఖ మీద ఆ వంతెన పుట్టిన్నాటి నుంచి అంతమందిని ఒక్కసారి మోసి ఉండదు. రెయిలింగు పక్కన ఇద్దరు రంగువాళ్ళు డబ్బాలు పట్టుకుని, ఇంతమంది తమ పని చూడ్డానికే వచ్చారేమో అన్నట్టు సిగ్గుపడుతూ నిలబడ్డారు.

మావయ్య స్కూటర్ దిగి వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. "బందవుతాదా భాయ్?"

"కైసా బంద్ చాచా? బస్ పెయింట్ లగా రహే హైఁ," అన్నాడు ఒకడు. రంగు వెయ్యడం తప్ప మూయడం మాట తామెరగమని.

మావయ్య రెయిలింగు మీద చెయ్యి పెట్టాడు. చేతికి తడి రంగు అంటుకుంది. ఆ అరచేతిని నాకు చూపించి, "ఆగింది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా పక్కన ఒక ఆటో ఇరుక్కుపోయింది. అందులో ఒక పరుపు, మూడు ట్రంకు పెట్టెలు, గ్యాస్ స్టవ్, ఒక టేబుల్ ఫ్యాను, వీటన్నిటి మధ్యలో ప్రెషర్ కుక్కర్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని మాంగో పెద్దాయన! వంతెన మూసేస్తే అవతల ఉండిపోతాననీ, అరుగుకి దూరమైపోతాననీ, అగ్రికోలో చుట్టాలింటికి సంసారం తరలించేస్తున్నాడు. తన వార్తని తనంత గట్టిగా నమ్మినవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు.

నా నోట్లోంచి వందేళ్ళకి సరిపడా వెటకారాలు బయల్దేరాయి. మావయ్య ఆ రంగు చెయ్యే నా నోటికి అడ్డం పెట్టాడు.

"బావా," అన్నాడు మెల్లగా, "ఆటో ఎనక్కి తిప్పించీ. సాయంత్రం అరుగు మీద అన్నీ సెప్తాను."

"ఇప్పుడే సెప్పీ!" అన్నాడు పెద్దాయన, కుక్కర్ని ఇంకా గట్టిగా పట్టుకుని.

"అరుగు మీద సదివితేనే వార్త. ఇక్కడ సెప్తే కబురు."

ఆ సాయంత్రం మేం వెళ్ళేసరికి అరుగు నిండిపోయి, జనం రోడ్డు మీదికి పొంగారు. వంతెన మీద ఇరుక్కున్నవాళ్ళందరూ కోపంగా వచ్చారు. ఆటో వెనక్కి తిరగడానికి సందు దొరక్క, పెద్దాయన సామాను టీకొట్టు ముందే దిగింది. పరుపు మీద కాంట్రాక్టరు అప్పటికే దర్జాగా కూర్చున్నాడు. కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. పెద్దాయన దాని పక్కన నిలబడి, భుజం మీద తువ్వాలు తీసి కుర్చీని ఒకసారి దులిపాడు.

"కూసో బావా," అన్నాడు. "సదువు."

మావయ్య కూర్చున్నాడు. ఆ కుర్చీ కిర్రుమన్న శబ్దం నాకు మంగళవాద్యంలా వినిపించింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు. బొటనవేలు నాలిక దగ్గరికి వెళ్ళి, గుర్తొచ్చి ఆగి, చొక్కాకి తుడుచుకుంది. ఆ తర్వాత ఆ గొంతు లేచింది. ఎవరు రాశారో, ఏ ఊర్నుంచో, ఏ రోజో ముందు చెప్పి, వార్త చదివాడు. రంగు సంగతి చదివి, సాక్ష్యంగా అరచెయ్యి ఎత్తి చూపించాడు. ఆ చెయ్యి చూసి జనం వేసిన కేకకి కార్ఖానా సైరను సిగ్గుపడి ఆ పూట మోగలేదని నేను రాస్తే మీరు నమ్మరు. నమ్మకండి, కానీ నేను రాస్తాను.

"నిన్న ఆపినందుకే కదా మావా, ఇవాళ నిలబడింది," అన్నాడు కాంట్రాక్టరు పరుపు మీద నుంచి. "నువ్వు కూడా నిన్న సదివేసుంతే నేనూ పరుపు కట్టీసేవోణ్ణి!"

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. తర్వాత అప్పడాల బల్ల నా చేతిలో పెట్టాడు.

"అల్లుడూ, నువ్వు సెప్పే ఆ బొట్టూ కనుబొమలూ నా దాన్లో కూడా ఎట్టు. బావ వార్తలు ఏలాడదీసే ఆ కొక్కెం కూడా తగిలించు."

నేను అక్కడే పరుపు మీద కూర్చుని పెట్టాను. మావయ్య ఎంపిక చేసిన గుప్పెడు ఫీడ్లూ అందులోకి ఎక్కాయి. ఇక అరుగు మీద ఎవరి ఫోనులోకి ఏ మెసేజీ దిగినా, ముందు మావయ్య ఆ మూడు ప్రశ్నలూ అడుగుతాడు. జవాబు లేకపోతే అది వేలాడుతుంది. ఇప్పటికీ కొన్ని వేలాడుతూనే ఉన్నాయి. గేదె బీమా అందులో ఒకటి.

ఆ రోజు టీ మొత్తం తాగాడు మావయ్య. గ్లాసు అడుగున మిగిలిన చక్కెర కూడా వదల్లేదు. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. పొద్దున్న పట్టుకున్న గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

"ఏటి నానా, ఏటయ్యింది? కుర్చీ ఇచ్చేరా?"

మావయ్య చెప్పులు విడిచాడు. కాళ్ళు కడుక్కున్నాడు. చేతికి అంటుకున్న రంగు మాత్రం కడుక్కోలేదు. మంచం మీద కూర్చుని, అన్నం పెట్టమన్నట్టు సైగ చేసి, చాలా హుందాగా అన్నాడు.

"రేపు సెప్తాను."